ఇంటికో చెయ్యి

పోయిన వారం కృష్ణవేణిని శేషగిరి గారి బేస్‌మెంట్ మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. ఎడారిలో ఒకసారి వదిలేసిన వాళ్ళు చాలరన్నట్టు మనం కూడా. పదండి, తొందరగా వెళ్దాం.

మొదటిసారి చదువుతున్న వాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్తాను. క్రిస్మస్ సెలవులకి అల్ఫారెట్టా తెలుగు కుటుంబాలు కొన్ని శేషగిరి నాయకత్వంలో మెక్సికో ఎడారికి గ్రూప్ టూర్ వెళ్ళాయి. శాండియాగో దాకా విమానం, అక్కణ్ణించి రెండు వాన్‌లలో బాహా కాలిఫోర్నియా. కతవీనా అనే చోట, ఏనుగులంత బండరాళ్ళ మధ్య, వాన్‌లు కృష్ణవేణిని వదిలేసి వెళ్ళిపోయాయి. రోడ్డు పక్కన డ్రమ్ముల్లో పెట్రోలు పోసి అమ్ముకునే ముసలి దంపతులు ఆ రాత్రి ఆమెకి ఇంట్లో చోటిచ్చారు. ఒక్కడే జీపేసుకుని ఎడారి తిరుగుతున్న జితేందర్ అనే తెలుగు కుర్రాడు మర్నాడు పొద్దున్నే ఆమెని ఎక్కించుకుని, గ్రూప్ దిగిన ఊరికి చేర్చాడు. ఆమె కూతురు, పదమూడేళ్ళ అనుష్క, ఆ రాత్రంతా గ్రూప్‌తో హోటల్లో ఉంది.

అల్ఫారెట్టా చేరేసరికి కథ మారిపోయింది. కృష్ణవేణిని వదిలేశారన్న మాట పోయి, కృష్ణవేణే వెళ్ళిపోయిందన్న మాట వచ్చింది. పిల్లని పరాయి వాళ్ళ మధ్య పడేసి, ముక్కూ మొహం తెలియని మగాడి కారెక్కి పోయిందని. ఆ మాట రెడ్‌మండ్‌లో ఉన్న మాజీ భర్త భీమశంకరం చెవిన పడింది. అనుష్కని తనకి అప్పగించమని అతను కోర్టుకెక్కాడు. సాక్ష్యం చెప్తానని శేషగిరి ఒప్పుకున్నాడు. వచ్చే వారమే విచారణ. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకోమని అడగడానికి కృష్ణవేణి ఇప్పుడు మెట్లు దిగుతోంది, వెనకాలే కూతురు.

ఆ శనివారం మధ్యాహ్నం టూర్ ఫోటోలు చూసే కార్యక్రమం. ఏ టూర్ అయినా, వచ్చిన మూడు నాలుగు వారాలకి శేషగిరి గారి బేస్‌మెంట్‌లో ఇది జరగాల్సిందే. తెర, ప్రొజెక్టర్, మిరపకాయ బజ్జీలు, ఆయన వ్యాఖ్యానం. బజ్జీల కోసం వ్యాఖ్యానం భరించే వాళ్ళు సగం మంది ఉంటారని ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

కృష్ణవేణి కనబడగానే గదిలో మాటలు ఆగిపోయాయి. పెద్ద సోఫాలో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇంకొకరికి చోటుంది. మధ్యలో కూర్చున్న ఉమ తన హ్యాండ్‌బ్యాగ్ తీసి ఆ చోట్లో పెట్టింది. చూడ్డానికి చిన్న పనే గానీ, గదిలో ఉన్న వాళ్ళందరికీ అర్థమైంది. ఇంటావిడ పద్మ గారు మాత్రం ఒక మడత కుర్చీ తెచ్చి గోడవారగా వేసింది. వేసి, మొగుడి వైపు ఒకసారి భయంగా చూసి, పైకి వెళ్ళిపోయింది. అనుష్క హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, గది చివర పింగ్‌పాంగ్ ఆడుతున్న పిల్లల దగ్గరికి నడిచింది. ఎడారి నుంచి వచ్చినప్పట్నించీ ఆ పిల్ల తల్లితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ రాత్రి భయపడి ఉంటుందిలే, నెమ్మది మీద సర్దుకుంటుందిలే అని తల్లి అనుకుంటోంది.

శేషగిరి ఆమెని చూసి ఫోన్ బయటికి తీశాడు. ఏదో నొక్కాడు. దాన్ని ప్రొజెక్టర్ పక్కన బల్ల మీద బోర్లా పెట్టి, "ఆన్‌కాల్‌లో ఉన్నాను, ఆఫీస్ వాళ్ళు ఎప్పుడైనా పిలుస్తారు" అన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

శేషగిరి గురించి ఒక మాట చెప్పాలి. ఒక బ్యాంకు వాళ్ళ సాఫ్ట్‌వేర్ విభాగంలో మేనేజరు. అక్కడ ఆయన మాట ఎంతమంది వింటారో తెలియదు గానీ, టూర్‌లో మాత్రం ఆయన చెప్పిందే వేదం. సరిహద్దు దాటేముందు హెచ్‌-వన్ వీసా వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి, పాస్‌పోర్ట్‌లో పిన్ను కొట్టిన ఐ-నైంటీఫోర్ కాగితం ఎవడడిగినా ఇవ్వొద్దని, ఇస్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ అంటూ తిప్పలు పడాలని మూడుసార్లు చెప్తాడు. రైస్ కుక్కర్ ఎవరు మోయాలో, పచ్చళ్ళ సీసా ఏ వాన్‌లో ఉండాలో ఆయనే నిర్ణయిస్తాడు. ఇవన్నీ ఉపకారాలే, కాదనడానికి లేదు. చేసిన ఉపకారాన్ని పది మందిలో పదిసార్లు చెప్పుకోకుండా ఉండలేకపోవడమే ఆయన జబ్బు.

తెర మీద ఎడారి వచ్చింది. ముల్లంగి దుంపలు తలకిందులుగా పాతినట్టు పొడుగాటి చెట్లు, చిటారున నాలుగు పూలు. వీటిని సీరియో అంటారని, ఆ ఎడారిలో తప్ప ఇవి పెద్దగా ఎక్కడా కనబడవని శేషగిరి లేజర్ చుక్కతో చూపించి చెప్పాడు. తర్వాత బండరాళ్ళు. తర్వాత బండరాళ్ళ నీడలో పులిహోర డబ్బాల ముందు కూర్చున్న మన జనం. తర్వాతి ఫోటోలో జితేందర్. గడ్డం మాసి, చేతిలో పేపర్ ప్లేటు పట్టుకుని, పులిహోర తింటూ నవ్వుతున్నాడు.

"ఇదిగో మన ఒంటరి బాటసారి" అన్నాడు శేషగిరి. గదిలో నవ్వులు. "సెల్ఫ్ గైడెడ్ అట. మ్యాప్ ఒకటి, జీపు ఒకటి. ఏమయ్యా, ఈ దారిలో గంటల తరబడి పెట్రోల్ బంకే ఉండదు, బండి ఆగిపోతే ఎవడొస్తాడు అంటే, ఎవరో ఒకరొస్తారు సార్ అంటాడు. చివరికి పులిహోర ఎవరు పెట్టారు? గ్రూప్ పెట్టింది. అందుకే నేను చెప్పేది, ఎడారిలో మనిషికి గ్రూపే దిక్కు."

ఫోటోలు గబగబా మారాయి. ఒక్కదాంట్లోనూ కృష్ణవేణి లేదు. గ్రూప్ ఫోటోల్లో ఆమె నిలబడ్డ వైపు అంచు కత్తిరించి ఉంది. ఒకదాంట్లో అనుష్క భుజం మీద ఎవరిదో చెయ్యి మాత్రం మిగిలింది. ఆ చెయ్యి తనదే. దాన్ని చూశాక కృష్ణవేణికి ఇక కూర్చోబుద్ధి కాలేదు.

"శేషగిరి గారూ, నా ఫోటోలు ఏవండీ?"

"మీ ఫోటోలు మీ జితేందర్ దగ్గరుంటాయేమో చూసుకోండి."

ఈసారి నవ్వు ఇందాకటికంటే గట్టిగా వచ్చింది. ఉమ అందరికంటే గట్టిగా నవ్వింది. కృష్ణవేణి ఆ నవ్వు అయిపోయేదాకా ఆగింది. ఆమె ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. ఎక్కడ తప్పుందో దొరికేదాకా వదలకపోవడం ఆమె ఉద్యోగం. ఈ మూడు వారాలుగా నిద్ర మానుకుని ఆమె వెతుకుతున్నదీ అదే.

తాను ఫోటోల కోసం రాలేదంది. భీమశంకరం లాయరుకి ఆయన చెప్పిన మాట కోసం వచ్చానంది. తాను గ్రూప్‌ని వదిలి తనంతట తాను పోయానని ఆయన ఎలా చెప్పగలిగాడో పది మందిలో అడగాలని వచ్చానంది. పిల్లని పోగొట్టుకునే దాకా వచ్చింది కాబట్టి మొహమాటపడే ఓపిక తనకి లేదని కూడా అంది.

శేషగిరి లేజర్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. "నేను చూసింది చెప్తాను, చూడనిది చెప్పను."

"ఏం చూశారు?"

"లెక్క చూశాను. లెక్క సరిపోయాకే వాన్ కదిలింది. నా టూర్‌లలో ఇన్నేళ్ళుగా ఒక్క మనిషి తప్పిపోలేదు. అదొక పద్ధతి."

ఆ పద్ధతి ఏమిటో గదిలో అందరికీ తెలుసు, మీకు నేను చెప్పాలి. టూర్‌లో ఒక వాన్ పిల్లలది, ఒకటి పెద్దవాళ్ళది. పిల్లలు సినిమాలు చూసుకుంటారు, పెద్దవాళ్ళు నిద్రపోతారు. బయల్దేరే ముందు శేషగిరి రెండు వాన్‌ల మధ్య నిలబడి ఒక్కొక్క ఇంటి పేరూ పిలుస్తాడు. భాస్కర్ గారిల్లు, లక్ష్మీకాంతం గారిల్లు, అలా. ఆ ఇంటి తరఫున ఎవరో ఒకరు కిటికీలోంచి చెయ్యి బయట పెడతారు. ఇంటికో చెయ్యి. ఇంట్లో అందరూ ఉన్నారా లేదా అన్నది ఆ ఇంటాయన పూచీ. తలలు లెక్కపెట్టడం ఆయనకి నచ్చదు. మనుషుల్ని మేకల్లా లెక్కపెడతామా, మర్యాదస్థుల కుటుంబాలు అంటాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఒకే ఒక్క ఇబ్బంది ఉంది. ఇంటాయన లేని ఇల్లుంటే పూచీ ఎవరిదో ఆయన పద్ధతిలో లేదు.

"ఆ రోజు బండరాళ్ళ దగ్గర మా ఇంటి పేరు పిలిచారా?" అని అడిగింది కృష్ణవేణి.

"పిలిచాను. చెయ్యి లేచింది."

"ఎవరి చెయ్యి?"

"మీదే. ఇంకెవరిది?"

"నేను అప్పుడు కొండ మీద ఉన్నాను. అక్కడి గుహలో రాతి మీద వేసిన పాతకాలపు రంగుల బొమ్మలు ఇంకోసారి చూసొస్తానని మీకు చెప్పే వెళ్ళాను. దిగి వచ్చేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు."

"అది మీ మాట."

"కాదండీ, అది మీ లెక్క. చెయ్యి చూశారు, మనిషిని చూళ్ళేదు. మీరు నవ్వుతున్న ఆ జితేందర్‌కి తన బండిలో ఎన్ని నీళ్ళున్నాయో తెలుసు, ఎంత పెట్రోలుందో తెలుసు. రాత్రిపూట ఆ రోడ్డు మీద ఆవులు పడుకుంటాయి, పొద్దున్నే వెళ్దామక్కా అని చెప్పి, బయట జీపులో పడుకున్నాడు. మీరు రెండు వాన్‌ల జనాన్ని తీసుకెళ్ళారు. లోపల ఎవరున్నారో మీకు తెలియదు."

శేషగిరి ముఖం కందింది. ఇన్నేళ్ళలో ఆయన పద్ధతిని ఆయన ముందు తప్పన్న వాళ్ళు లేరు. గ్రూప్‌కి ఇష్టం లేని వాళ్ళు సొంతంగా పోవచ్చని, తనేమీ బొట్టు పెట్టి పిలవలేదని, మంచికి పోతే ఇదా మర్యాద అని అందుకున్నాడు. లక్ష్మీకాంతం గారు తల ఊపాడు. ఇంకెవరో అవునన్నారు. అయినా ఆమె జితేందర్ కార్లో వస్తానందని ఆ రోజే వాన్‌లో అందరూ అనుకున్నారని కూడా శేషగిరి అన్నాడు. ముందు ఎవరన్నారని కృష్ణవేణి అడిగింది. ఎవరో అన్నారు, అందరూ అన్నారు అని చెయ్యి విసిరాడు.

కృష్ణవేణి అప్పుడు సోఫా వైపు తిరిగింది.

ఉమ ఒకప్పుడు ఆమెకి చాలా దగ్గర. రెండేళ్ళ కింద ఉద్యోగానికని ఒంటరిగా రెడ్‌మండ్ నుంచి కృష్ణవేణి ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి వారం భోజనం పెట్టింది ఉమే. భర్తని వదిలి ఎందుకొచ్చావని ఉమ అడిగింది. కృష్ణవేణి చెప్పలేదు. ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. అన్నం పెట్టిన మనిషికి కష్టం చెప్పుకోకపోవడాన్ని ఉమ అవమానంగా తీసుకుంది. అక్కణ్ణించి మాట పెళుసుగా మారింది, టూర్‌కి వచ్చేసరికి విరిగింది. వాన్‌లో మాత్రం ఇద్దరివీ పక్కపక్క సీట్లు.

"నా పక్క సీటు నీది ఉమా. నేను లేకపోతే నీకు తెలియదా? నా ఇంటికి చెయ్యెత్తింది నువ్వేనా?"

ఉమ లేచి నిలబడింది. తను కిటికీకి తలానించి నిద్రపోయానని, సీటు ఖాళీగా ఉంటే కాళ్ళు చాపుకున్నానని, ఎవరు ఎక్కడ కూర్చున్నారో కాపలా కాయడం తన పని కాదని అంది. అక్కడితో ఆగితే బాగుండేది. కోపంలో ఉన్న వాళ్ళు ఆగవలసిన చోట ఎప్పుడాగారు గనక.

"నీ ఇంటికి చెయ్యెత్తే ఖర్మ నాకేంటి? మొగుణ్ణి వదిలేసి వచ్చావు. పదకొండేళ్ళ పిల్లని ఏడాది పాటు అక్కడ వదిలేసి వచ్చావు. గ్రూప్‌ని వదిలేయడం నీకో లెక్కా?"

గది చివర పింగ్‌పాంగ్ చప్పుడు ఆగిపోయింది. బంతి నేల మీద పడి దొర్లుకుంటూ వచ్చి సోఫా కింద ఆగింది. అనుష్క హెడ్‌ఫోన్స్ మెడ మీదికి జారి ఉన్నాయి. ఆ పిల్ల ఎప్పట్నించి వింటోందో ఎవరికీ తెలియదు.

ఉమ భర్త భాస్కర్ ఇంతసేపూ బజ్జీల పళ్ళెం పట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. కరీంనగర్ మనిషి. గొడవలంటే ఆమడ దూరం పోతాడు. భార్యని ఇంకా మాట్లాడనిస్తే ఇంటికి వెళ్ళాక తనకి కూడా నిద్ర ఉండదనుకున్నాడేమో, ముందుకొచ్చాడు.

"లొల్లి ఎందుకు సార్. ఆ చేతుల లెక్క నేను వీడియో తీసిన. మస్తుగుంటది గదా చూడ్డానికి, అందుకని ప్రతిచోటా తీసిన. రాళ్ళ దగ్గరిది కూడా ఉన్నది. పెట్టి చూద్దాం, ఐపోతది."

శేషగిరి పెట్టమన్నాడు. కృష్ణవేణి కూడా పెట్టమంది. చెయ్యి ఎవరిదో తేలితే ఈ బాధ వదిలిపోతుందనుకుంది. ఈ గదిలోకి వచ్చాక మొదటిసారి ఆమెకి ఆశ కలిగింది. భాస్కర్ క్యామ్‌కార్డర్ తెచ్చి తీగ తగిలించాడు.

తెర మీద ఎండ. పక్కపక్కనే ఆగిన రెండు తెల్ల వాన్‌లు, రెండూ ఒకేలా ఉన్నాయి. శేషగిరి వీపు, టోపీ. తర్వాత భాస్కర్ కెమెరాని దగ్గరికి లాగినట్టున్నాడు, తెర నిండా కిటికీ అంచులే మిగిలాయి, ఏ కిటికీ ఏ వాన్‌దో తెలియదు. పేరు పిలవగానే ఒక చెయ్యి లేచి ఊగి లోపలికి పోతోంది. లక్ష్మీకాంతం గారి చేతి ఉంగరాలు చూసి ఎవరో నవ్వారు. భాస్కర్ గారిల్లు అనగానే కెమెరా ముందుకే ఒక వేలు వచ్చి ఊగింది.

"కృష్ణవేణి గారిల్లు" అంది తెర మీద శేషగిరి గొంతు.

కుడివైపు కిటికీలోంచి ఒక చెయ్యి లేచింది. ఊదారంగు స్వెటర్ చెయ్యి, మణికట్టు దగ్గర వెడల్పాటి తోలు పట్టీ, నీలం డయలు ఉన్న పెద్ద వాచీ. చెయ్యి ఒక్క క్షణం నిటారుగా నిలబడింది. ఊగలేదు. దిగిపోయింది.

భాస్కర్ వీడియో ఆపాడు. గదిలో ఉన్న అందరి కళ్ళూ తెర మీద నుంచి కృష్ణవేణి చేతి మీదికి వచ్చాయి. ఆ వాచీ ఆమె చేతికి ఉంది. వెడల్పాటి తోలు పట్టీ, నీలం డయలు.

"అదిగో" అంది ఉమ. "ఆ మగవాచీ ఈ ఊళ్ళో ఇంకెవరికుంది? చెయ్యి నువ్వే ఎత్తావు. వాన్‌లోనే ఉన్నావు. లెక్కయ్యాక దిగిపోయావు."

శేషగిరి నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. పోయిన పరువు తిరిగొచ్చిన మనిషి కూర్చున్నట్టు కూర్చున్నాడు. "నేను చూసిందే చెప్తానన్నాను. ఇప్పుడు అందరూ చూశారు" అన్నాడు.

కృష్ణవేణికి ఆ మాటలు వినబడలేదు. ఆమె ఆ రోజు పొద్దున మోటెల్ ముందు జరిగింది చూస్తోంది. ఫోన్‌లో ఛార్జ్ లేదు, టైమ్ ఎంతైందో తెలియట్లేదు అని అనుష్క గునిసింది. తను వాచీ విప్పి దాని చేతికి పెట్టింది. పట్టీ వదులుగా ఉంటే చివరి బెజ్జందాకా బిగించింది. మర్నాడు తను తిరిగొచ్చాక ఆ వాచీ వాన్‌లో వదిలిన తన హ్యాండ్‌బ్యాగ్‌లో కనబడింది. ఎప్పుడు పెట్టావని అడగలేదు. పిల్లని వాటేసుకుని ఏడ్చే హడావిడిలో వాచీ సంగతి ఎవరికి గుర్తుంటుంది.

ఆమె గది చివరికి చూసింది. అనుష్క బ్యాట్ పట్టుకుని నిలబడి ఉంది. తల్లి కళ్ళలోకి చూసి, చూపు తిప్పుకోలేదు. కృష్ణవేణికి అంతా అర్థమైపోయింది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

ఒక్క మాట చాలు. ఆ రోజు వాచీ నా దగ్గర లేదు అంటే చాలు. శేషగిరి పద్ధతి నేలకూలుతుంది, సాక్ష్యం పోతుంది, ఉమ నోరు మూతపడుతుంది. కానీ ఆ మాట అన్నాక గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ మూలకి తిరుగుతారు. తల్లిని ఎడారిలో వదిలేసిన పిల్ల అన్న పేరు వస్తుంది. ఆ పేరు స్కూలు దాకా, ఆదివారం తెలుగు క్లాసు దాకా, పెళ్ళి దాకా దాని వెంట నడుస్తుంది. ఈ జనం సంగతి ఆమెకి తెలుసు, మూడు వారాలుగా తనే తింటోంది ఆ దెబ్బ. తన పేరు పోతే పోయింది. పిల్ల పేరు పోతే తను బతికి ఏం లాభం అనుకుంది. అదే మాట అంటే పిల్ల దక్కుతుంది, అనకపోతే దక్కదు అని కూడా ఆమెకి తెలుసు. తెలిసే చెప్పింది.

"అవును. చెయ్యి నాదే."

పైనుంచి టీ పళ్ళెంతో దిగుతున్న పద్మ గారు మెట్ల మధ్యలోనే ఆగిపోయింది. శేషగిరి ఆశ్చర్యంగా చూశాడు. ఆయన వాదనకి సిద్ధంగా ఉన్నాడు గానీ ఒప్పుకోలుకి సిద్ధంగా లేడు. అయినా తేరుకుని, అయితే కోర్టులో కూడా ఇదే చెప్తారా అని అడిగాడు. కృష్ణవేణి చెప్తానంది. బ్యాగ్ భుజానికి వేసుకుని, "పద అనూ, వెళ్దాం" అంది.

అనుష్క కదల్లేదు. బ్యాట్ బల్ల మీద పెట్టింది. గది మధ్యకి వచ్చి, తెరకీ తల్లికీ నడుమ నిలబడింది.

"అమ్మ లై చెప్తుంది. ఆ డే వాచ్ నా దగ్గరుంది. హ్యాండ్ నేను పెట్టాను, కిడ్స్ వాన్ లోంచి."

అనూ, ఊరుకో అంది తల్లి. పిల్ల ఊరుకోలేదు. అమ్మ ఎక్కలేదని తనకి తెలుసంది. కొండ మీద అమ్మ స్కార్ఫ్ కనిపించిందంది. అయినా చెయ్యి పెట్టానంది.

"ఎందుకే?" అని అడిగింది కృష్ణవేణి.

"నన్ను అక్కడ వదిలి నువ్వు అల్ఫారెట్టా వచ్చేశావ్ కదా. మార్నింగ్ లేస్తే నువ్వు లేవు. వదిలేస్తే ఎలా ఉంటుందో నీకు తెలియాలి అనుకున్నా. జస్ట్ ఫైవ్ మినిట్స్. ఎవరో ఒకరు చూసి వాన్ ఆపుతారు అనుకున్నా. ఎవరూ చూడలేదు. ఎవ్వరూ. టీ స్టాప్‌లో ఉమా ఆంటీ అడిగితే భయమేసి, ఆ అంకుల్ కార్‌లో వస్తుంది అని చెప్పేశా."

ఉమ సోఫాలో కూలబడింది. మూడు వారాలుగా ఊరంతా తిరిగిన మాట ఎక్కడ పుట్టిందో ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. తను అడిగింది, పిల్ల చెప్పింది, తను పది మందికి పంచింది. శేషగిరి ఎవరి ముఖమూ చూడలేక ప్రొజెక్టర్ బటన్ ఏదో వెతుక్కున్నాడు. కృష్ణవేణి కూతురి దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకోవాలా వద్దా తెలియక అలాగే నిలబడింది. ఆమెకి కోపం వచ్చింది. జాలేసింది. ఎడారిలో ఆ రాత్రి పడ్డ భయం కంటే ఈ పిల్ల ఏడాది పాటు పడ్డ భయం ఎక్కువని మొదటిసారి తెలిసి సిగ్గేసింది.

అప్పుడు ఫోన్ మాట్లాడింది.

బల్ల మీద బోర్లా పెట్టిన శేషగిరి ఫోన్. ఆఫీసు వాళ్ళు కాదు. ఆ గొంతు కృష్ణవేణికి నిద్రలో వినబడినా గుర్తుపడుతుంది.

"అనూ, నాన్నా. నేను డాడీని. మొత్తం విన్నాను. నీ తప్పేం లేదమ్మా. మీ అమ్మ నిన్ను వదిలేసి పోయిందన్నావు చూడు, ఆ మాట జడ్జి గారి ముందు కూడా ఇట్లాగే చెప్తావా?"

శేషగిరి చెయ్యి ఫోన్ వైపు వెళ్ళి మధ్యలో ఆగింది. పద్మ గారు మెట్ల మీది నుంచి ఆయన్ని చూసిన చూపు నేను రాయను, ఆ దంపతుల సంగతి వాళ్ళకి వదిలేద్దాం. భీమశంకరానికి ఇక శేషగిరి సాక్ష్యం అక్కర్లేదు. పిల్లే చెప్తుంది.

అనుష్క బల్ల దగ్గరికి వెళ్ళింది. ఫోన్ తిప్పి తెర పైకి పెట్టింది. దాని మీద తండ్రి పేరు వెలుగుతోంది.

"చెప్తా డాడీ. అన్నీ చెప్తా. ఆ నైట్ హోటల్ నుంచి నీకు కాల్ చేశా కదా. అమ్మ పోయింది, అని ఏడ్చా. నువ్వు నవ్వావ్. ఎక్కడికి పోతుంది, అప్పుడు నేను తాళం మార్చేసి బయట నిలబెట్టినా రెండు గంటలు డోర్ కొడుతూనే ఉంది, మళ్ళీ వచ్చేస్తుందిలే అన్నావ్. అది కూడా చెప్తా."

రెడ్‌మండ్ ఇంటి తాళం మార్చి భర్త తనని బయట పెట్టిన సంగతీ, పిల్లని వదిలి రావలసి వచ్చింది అందుకేననీ కృష్ణవేణి తన లాయరుకి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. పిల్ల తండ్రిని అసహ్యించుకోకూడదని, ఉద్యోగం కోసమే వచ్చానని చెప్పుకుంటూ వచ్చింది. సాక్ష్యం ఉందా అని లాయరు అడిగితే లేదంది. ఆ సాక్ష్యం మూడు వారాలుగా తన ఇంట్లోనే, తన పక్క గదిలోనే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంది.

అనుష్క ఫోన్ వైపే చూస్తూ జవాబు కోసం నిలబడింది. అటునుంచి మాట రాలేదు. కాల్ మాత్రం కట్ అవలేదు. భీమశంకరం ఇంకా లైన్‌లోనే ఉన్నాడు, అతని వెనక ఎవరో ఆడమనిషి, తెలుగు తెలిసిన అతని లాయరే కాబోలు, నెమ్మదిగా ఇంగ్లీషులో అడుగుతోంది, ఆ అమ్మాయి ఏ తాళం గురించి చెప్తోందని.